ఒకటో దెబ్బ ఎక్కడ?

మా వల్లూరు మామ క్లారినెట్ పక్కన పెట్టి పదిహేనేళ్ళు దాటింది. ఊపిరి చాలడం లేదని మానేశాడు. వేళ్ళు మాత్రం మానలేదు. అరుగు మీద కూర్చున్నాడంటే రెండు చేతుల వేళ్ళూ మోకాళ్ళ మీద ఏదో ఒక పాట వాయిస్తూనే ఉంటాయి. చిన్నప్పుడు ఆ వేళ్ళను చూసి అది ఏ పాటో కనిపెట్టడం మా పిల్లల ఆట. నేనెప్పుడూ ఓడిపోయేవాణ్ణి.

మామ ఉన్న బ్యాండు సెట్టు అటు కమలాపురం, ఎర్రగుంట్ల దాకా, ఇటు కడప దాకా పెండ్లిళ్ళకు పోయేది. పుష్పగిరి తిరునాళ్ళలో కూడా వాయించారు. రెండు క్లారినెట్లు, ఒక సాక్సు, రెండు ట్రంపెట్లు, సైడు డ్రమ్ము, పెద్ద డ్రమ్ము, తాళాలు. పెండ్లికొడుకు మెరవణి బయల్దేరిందంటే అర్ధరాత్రి దాటినా ఆగేది కాదు. పాడేవాళ్ళు ఎవరూ ఉండరు. మైకుండదు. అయినా ఏ పాట వాయిస్తున్నారో వీధి చివర ముసలమ్మకు కూడా తెలిసిపోయేది.

మొన్న పండక్కి పోయినప్పుడు అదే అరుగు మీద, అదే కడప బండ మీద కూర్చుని, చెవుల్లో పెట్టుకుని ఏదో వింటున్నాను. మామ చూసి చూసి ఇంక ఉండబట్టలేక అడిగాడు.

"ఏమల్లుడూ, ఒక్కడివే తల ఊపుతుండావు. నాక్కూడా వినిపీ అబ్బా!"

వైరు పీకేసి ఫోను స్పీకర్లో పెట్టాను. అది హెర్బీ హాంకాక్ ‘కమీలియన్’. కమీలియన్ అంటే ఊసరవెల్లి. అమెరికాలో పేరున్న పియానో విద్వాంసుడు హాంకాక్. 1973లో ‘హెడ్ హంటర్స్’ అని ఒక ఆల్బమ్ చేశాడు. మొత్తం నాలుగే నాలుగు పాటలు. అందులో మొదటిదే పదిహేను నిమిషాల పైచిలుకు. పాడే మాట ఒక్కటి లేదు. అయినా పది లక్షల కాపీలకు పైగా అమ్ముడుపోయింది. జాజ్-ఫంక్ అనే మాట ఎక్కడ వచ్చినా మొదట చెప్పుకునే ఆల్బమ్ ఇదే.

ఆ పాట మొదట్లో డ్రమ్ములుండవు. కింది స్థాయిలో బేస్ ఒక్కటే ఒక చిన్న వరసను తిప్పి తిప్పి వాయిస్తూ ఉంటుంది. మామ చేతికర్రతో బండ మీద తాళం వేయడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... బాగానే ఉంది. కాసేపటికి డ్రమ్ములు వచ్చాయి. మామ కర్ర ఒకచోట పడింది, డ్రమ్ము దెబ్బ ఇంకోచోట పడింది. యాభై ఏళ్ళు బ్యాండులో వాయించిన మనిషి తాళం తప్పాడు!

"ఆపు. మళ్ళా పెట్టు" అన్నాడు. మొహం ఎర్రబడింది.

రెండోసారి కర్ర ఎత్తలేదు. కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత నవ్వాడు.

"వీడు తలుపు తట్టకముందే ఇంట్లోకి వచ్చినాడు రా. ఆ మొదటి చిన్న చిన్న స్వరాలుండాయే... అవి లెక్కలోవి కావు. వాటి తర్వాత పడిందే ఒకటి. ఒకటి యాడుందో చెప్పకుండా మనల్ని ముందే కూర్చోబెట్టినాడు."

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళు దీన్ని అతీత గ్రహం అంటారు. తాళం మొదలయ్యే చోటికి ముందే పాట ఎత్తుకోవడం. తాళంతో పాటే ఎత్తుకుంటే సమం, తాళం మొదలైపోయాక ఎత్తుకుంటే అనాగతం. మామకు ఈ పేర్లు తెలుసో లేదో నాకు తెలీదు. పని మాత్రం తెలుసు.

అమెరికా నల్లజాతి సంగీతంలో జేమ్స్ బ్రౌన్ అనే మహానుభావుడు ఒకడున్నాడు. 1960ల నడుమ నుంచి తన వాద్యగాళ్ళకు ఆయన నూరిపోసింది ఒక్కటే: ఎక్కడ తిరిగినా, ఏం వాయించినా, అందరూ కలిసి ఒకటో దెబ్బ మీదికి వచ్చి పడాలి. దాన్ని వాళ్ళు ‘ది వన్’ అంటారు. అది ఫంక్‌కు ప్రాణం. మన సమం లాంటిదే అనుకోండి. ఇక జాజ్ అంటే మనోధర్మం. అక్కడికక్కడ పుట్టించడం. కింద ఫంక్ వాళ్ళ తాళం పరిచి, దాని మీద జాజ్ వాళ్ళ మనోధర్మాన్ని నడిపిస్తే అది జాజ్-ఫంక్. ఇంత తేలిగ్గా చెప్పినందుకు తెలిసినవాళ్ళు నా మీద కోప్పడొచ్చు. కోప్పడనీండి. మామకు అర్థమైంది, నాకది చాలు.

ఆ మాటకొస్తే మామకు అర్థం కాకపోతేనే విడ్డూరం. బ్రిటిష్ పటాలాల వెంట వచ్చిన ఇత్తడి వాద్యాలే మన పెండ్లి బ్యాండులకు మూలం. జాజ్ పుట్టిన న్యూ ఆర్లియన్స్ వీధుల్లో ఊరేగింపులకు వాయించే బ్యాండుల వెనకా పటాలం బ్యాండులే ఉన్నాయి. అక్కడ పెండ్లికే కాదు, చావుకూ వాయిస్తారు. మన దగ్గరా అంతే కదా! ఒకే తాత పిల్లలు వేర్వేరు ఊళ్ళలో పెరిగినట్టు.

ఇదంతా ఎందుకు ఎత్తుకున్నానంటే, ఈ కుటుంబంలో మన తెలుగు పిల్లాడు ఒకడున్నాడు. ఆయన ముచ్చట చెప్పడానికి.

1969 ఫిబ్రవరి 18న న్యూయార్కులో ఒక స్టూడియోలో మైల్స్ డేవిస్ అనే ట్రంపెట్ విద్వాంసుడు కొంతమందిని కూర్చోబెట్టి రికార్డింగు చేశాడు. ‘ఇన్ ఎ సైలెంట్ వే’ అనే ఆల్బమ్ అది. జాజ్‌లోకి కరెంటు వాద్యాలు దిగడం మొదలైన రోజుల నాటి మాట. ఆ గదిలో ఎలక్ట్రిక్ పియానో ముందు కూర్చున్న ముగ్గురిలో ఒకడు మన ఊసరవెల్లి పాట హాంకాక్. గిటారు పట్టుకున్నవాడు ఇంగ్లండు నుంచి అప్పుడే వచ్చిన జాన్ మెక్‌లాఫ్లిన్. సరిగ్గా పది రోజుల తర్వాత, ఫిబ్రవరి 28న, పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో ఉప్పలపు శ్రీనివాస్ పుట్టాడు. మాండలిన్ శ్రీనివాస్ అంటే అందరికీ తెలుస్తుంది.

మాండలిన్ ఇటలీ వాద్యం. మన సినిమా పాటల్లో అక్కడక్కడా మెరుపులాగా వినిపించేది. నాలుగు జతల తీగలు, చిన్న మెడ, దాని మీద మెట్లు. మీటిన స్వరం పుట్టీ పుట్టకముందే చచ్చిపోతుంది. అందుకే ఇటలీవాళ్ళు ఒకే స్వరాన్ని గబగబా మీటుతూ ఉంటారు. ఇలాంటి దాని మీద గమకాలు పలికించాలంటే... కంపితం, జారు, ఇవి లేకపోతే మన రాగానికి ప్రాణమే లేదు కదా! అయిదేళ్ళ వయసులో ఆ పిల్లాడు నాన్న సత్యనారాయణ గారి మాండలిన్ ఎత్తుకున్నాడు. ఏడేళ్ళకు గిటారిస్టు వాసూరావు పాశ్చాత్య సంగీతం రుచి చూపించాడు. ఆ తర్వాత రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గర చేరాడు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడాయన. తమాషా ఏమిటంటే, సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవాడు, పిల్లాడు విని వాయించేవాడు. అంతే పాఠం. గొంతులో ఉన్నదంతా తీగల మీదికి దించుకోవాల్సిందే, మార్గం చూపించేవాడు లేడు.

మార్గం తనే వేసుకున్నాడు. జతల తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు. అయిదో తీగ అదనంగా చేర్చాడు. కరెంటు మాండలిన్ పట్టుకున్నాడు, స్వరం కాస్త ఎక్కువసేపు నిలబడాలని. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో మొదటి కచేరీ. అప్పటికి తొమ్మిదేళ్ళు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి పోయాడు. పద్నాలుగేళ్ళు! జాజ్ కోసం వచ్చిన జనం ముందు కూర్చుని కర్ణాటక సంగీతమే వాయించి వచ్చాడు. ఎక్కడికి పోయినా ఆయన నుదుట విభూతి మారలేదు, రాగం మారలేదు.

అటు మెక్‌లాఫ్లిన్ ఊరుకున్నాడా? 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా అని పెట్టి గిటారుతో భూకంపం పుట్టించాడు. వీణ నేర్చుకున్నాడు. తర్వాత జాకిర్ హుస్సేన్ తబలా, ఎల్. శంకర్ వయొలిన్, విక్కు వినాయకరామ్ ఘటం కలిపి ‘శక్తి’ అనే బృందం కట్టాడు. మూడు ఆల్బమ్‌లు. మొదటిది 1975 నాటి కచేరీ రికార్డు, తర్వాతి రెండూ స్టూడియోలో చేసినవి. 1977లో ‘నేచురల్ ఎలిమెంట్స్’ వచ్చాక బృందం చెదిరిపోయింది. ఇరవై ఏళ్ళ తర్వాత ‘రిమెంబర్ శక్తి’ అన్న పేరుతో మళ్ళీ కలిశారు. 1999లో ఆ బృందంలోకి శ్రీనివాస్ వచ్చాడు.

అక్కడి నుంచి ఆయన పోయేదాకా, అంటే పదిహేనేళ్ళు, ప్రపంచంలో పేరున్న వేదికల మీద మెక్‌లాఫ్లిన్ గిటారు, మన పాలకొల్లు మాండలిన్ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నాయి. 2000లో ‘ది బిలీవర్’, 2001లో ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ వచ్చాయి. రెండూ కచేరీల రికార్డులే. డీవీడీలు వచ్చాయి. అవీ కచేరీలే.

స్టూడియో ఆల్బమ్ రాలేదు. ఒక్కటి కూడా!

‘కచేరీ రికార్డు ఉంది కదా, ఇంకేం కావాలి’ అంటారేమో. కచేరీ గొప్పతనం కచేరీది. జనం ఊపిరి ఉంటుంది, చప్పట్ల వేడి ఉంటుంది. కానీ ఆ రెండు ఆల్బమ్‌లూ నేను లెక్కలేనన్ని సార్లు విన్నాను. గిటారూ, మాండలినూ రెండూ మీటే వాద్యాలే. ఇద్దరూ వేగంలో పోటీ పడినప్పుడు ఏది ఎవరి స్వరమో విడదీయడం కష్టమైపోతుంది. మామూలు వినికిడికి రెండూ కలిసిపోయి ఒక మెరుపుల వాన. శ్రీనివాస్ అసలు బలం వేగం కాదని నా అభిప్రాయం. మెల్లగా, ఒక స్వరం దగ్గర ఆగి, దాన్ని పక్క స్వరంలోకి జార్చి, నిశ్శబ్దంలో వదిలేసే చోట ఆయన ఆయనే. పెద్ద హాల్లో వేలమంది ఎదురుగా అలాంటివి తక్కువ చేస్తాం. చప్పట్లు వేగానికే పడతాయి మరి.

స్టూడియో ఏం చేస్తుందో చెప్పడానికి మళ్ళీ మైల్స్ డేవిస్ దగ్గరికే పోవాలి. ఇందాక చెప్పిన 1969 ఆల్బమ్‌లో, వాయించిన టేపులను నిర్మాత టియో మసేరో కత్తిరించి అతికించాడు. పాట మొదట్లో వాయించిన ముక్కనే కాపీ తీసి చివర్లో మళ్ళీ అతికాడు. విన్నవాళ్ళకు ఆ రాగం తిరిగి వచ్చినట్టు ఉంటుంది. వాయించినవాళ్ళు మాత్రం ఒక్కసారే వాయించారు! వేదిక మీద జరగని పని అది. మైకు దగ్గరగా పెట్టి, చిన్న శబ్దాన్ని పెద్దది చేసి, వద్దనుకున్నది తీసేసి, మళ్ళీ మళ్ళీ వాయించి... ఒక బృందం తనను తాను అద్దంలో చూసుకునే చోటు స్టూడియో. శ్రీనివాస్‌కు స్టూడియో కొత్తేం కాదు. కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి 1995లో ‘డ్రీమ్’ అని ఒక ఆల్బమ్ తెచ్చాడు, పీటర్ గేబ్రియల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ నుంచి. అందులో మాండలిన్ చుట్టూ ఎంత ఖాళీ ఉంటుందంటే, పెన్నలో నీళ్ళు లేనప్పుడు ఇసుక మీద నిలబడి పుష్పగిరి గుడి గంట విన్నట్టు ఉంటుంది. అలాంటి చోట మెక్‌లాఫ్లినూ, జాకిర్ హుస్సేనూ పక్కన ఉంటే ఎట్లా ఉండేదో! ఊహించుకోవడమే.

పోనీ మెక్‌లాఫ్లిన్‌కు స్టూడియో అంటే పడదా అంటే, అదీ కాదు. 2007లో నేరుగా చెన్నైకే వచ్చి ఆల్బమ్ రికార్డు చేశాడు. పేరు ‘ఫ్లోటింగ్ పాయింట్’, మరుసటి ఏడాది వచ్చింది. ఇది శక్తి లాంటిది కాదు. నేల మీద చాప పరుచుకుని కూర్చునే సంగీతం కాదు. డ్రమ్ సెట్టు, బేస్ గిటారు, కీబోర్డు, సాక్సఫోను అన్నీ ఉన్న జాజ్ ఫ్యూజన్. కీబోర్డు మీద డార్జిలింగు నుంచి వచ్చిన లూయీ బ్యాంక్స్, డ్రమ్ముల మీద రంజిత్ బారోట్, మిగతా తాళవాద్యాలన్నీ మన శివమణి. బేస్ గిటారుకు హాద్రియాన్ ఫెరో అనే ఫ్రెంచి కుర్రాడు, అప్పటికి పాతికేళ్ళు నిండలేదు. ఒక్కొక్క పాటకు ఒక్కొక్క అతిథి. ఒక పాట పేరే ‘ఆఫ్ ది వన్’. అంటే ఒకటో దెబ్బకు ఎడంగా! మామకు ఈ పేరు చెప్తే "చూసినావా, వాళ్ళకు గూడా అదే రోగం" అన్నాడు.

ఆ ఆల్బమ్ అతిథుల్లో పాలకొల్లు వారి మాండలిన్ ఉంది. కాకపోతే అది శ్రీనివాస్‌ది కాదు, తమ్ముడు రాజేష్‌ది. అన్న దగ్గరే నేర్చుకుని, అన్న పక్కనే కచేరీల్లో కూర్చున్న తమ్ముడు. వినండి, ముచ్చటేస్తుంది. కింద ఫ్రెంచి కుర్రాడి బేస్ గిటారు వేడివేడిగా దుముకుతూ ఉంటే, ఆ తాళానికి బెదరకుండా మాండలిన్ నిలబడి మాట్లాడుతుంది. ఆ ఆల్బమ్ గ్రామీ నామినేషన్ దాకా పోయింది, సమకాలీన జాజ్ విభాగంలో. 2009లో బహుమతి రాండీ బ్రెకర్ ఆల్బమ్‌కు పోయింది, అది వేరే సంగతి. ఆల్బమ్ తయారీని ‘మీటింగ్ ఆఫ్ ది మైండ్స్’ అని డీవీడీగా కూడా తెచ్చారు. స్టూడియోలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ తాళం కుదుర్చుకోవడం చూడాలంటే అది చూడాలి. నాకున్న పేచీ అల్లా గిటారుతోనే. మెక్‌లాఫ్లిన్ చాలాచోట్ల గిటారుకు సింథసైజరు తగిలించి వాయించాడు. అది ఒకసారి వేణువులా, ఒకసారి బాకాలా పలుకుతుంది. పక్కనే అసలు వేణువు, అసలు సాక్సఫోను ఉన్నప్పుడు ఆ నకిలీ గొంతు ఎందుకో! ఆయన ఇష్టం.

విన్న ప్రతిసారీ నాకు అనిపించేది ఒకటే. చెన్నై దాకా వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ ఆ ఊళ్ళోనే ఉన్నారు. బృందానికి ఒక స్టూడియో ఆల్బమ్ అనే ఆలోచన ఇంకో అయిదారేళ్ళలో ఎప్పుడైనా రావచ్చు, వయసు ఏమంత అని? మెక్‌లాఫ్లిన్ అప్పటికే అరవై దాటాడు గానీ శ్రీనివాస్‌కు నలభై కూడా లేవు కదా... అనుకుని ఉంటారు. ఎవరైనా అలానే అనుకుంటారు. 2014 సెప్టెంబర్ 19న శ్రీనివాస్ చెన్నైలో కన్నుమూశాడు. 45 ఏళ్ళు.

ఇక్కడ మామ కథ ఒకటి చెప్పాలి.

వీడియో క్యాసెట్ల కాలంలో మా బంధువుల పెండ్లి ఒకటి జరిగింది. మామ బ్యాండే. ఆ రాత్రి మామ వాయించినట్టు ఎప్పుడూ వాయించలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. కూడలిలో మెరవణి ఆపి, తక్కినవాళ్ళందరినీ ఊరుకోబెట్టి, పెద్ద డ్రమ్ము ఒక్కటే వెనక పెట్టుకుని చాలాసేపు ఒక్కడే వాయించాడు. సినిమా పాటతో మొదలుపెట్టి, పాట వదిలేసి ఎటెటో పోయి, తిరిగి అదే పాటలోకి వచ్చి దిగాడు. జనం నోట్లు మెడలో వేశారు. వీడియో తీస్తున్నాయన అదంతా తీశాడు. నెల తర్వాత క్యాసెట్ వచ్చింది. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం. మామ కొత్త చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాడు.

మెరవణి వచ్చింది. కూడలి వచ్చింది. మామ బుగ్గలు ఉబ్బించి వాయిస్తున్నాడు, వేళ్ళు పరుగెత్తుతున్నాయి. వినిపిస్తున్నది మాత్రం ఒక సినిమా డ్యూయెట్. మిక్సింగులో బ్యాండు శబ్దం తీసేసి, ‘అందంగా’ ఉంటుందని పాట అతికించాడు ఆ పెద్దమనిషి! అప్పట్లో అందరూ అదే చేసేవాళ్ళు. మీ ఇంట్లో పాత క్యాసెట్ ఉంటే చూడండి. బ్యాండువాళ్ళు కనిపిస్తారు, వినిపించరు.

మామ ఏమీ అనలేదు. "చొక్కా బాగా పడింది" అన్నాడు. ఆయన క్లారినెట్ ఈ భూమ్మీద ఇంకెక్కడా రికార్డు కాలేదు.

మళ్ళీ శక్తి దగ్గరికి వద్దాం. 2023 జూన్‌లో ఆ బృందం ‘దిస్ మొమెంట్’ అనే ఆల్బమ్ తెచ్చింది. స్టూడియో ఆల్బమ్! కరోనా కాలం కాబట్టి ఒకచోట కూర్చోకుండా, ఎవరి ఊళ్ళో వాళ్ళు రికార్డు చేసి పంపుకుని కలుపుకున్నారు. మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్, గాయకుడు శంకర్ మహదేవన్, వయొలిన్ గణేశ్ రాజగోపాలన్, విక్కు వినాయకరామ్ కొడుకు సెల్వగణేశ్. 1977 తర్వాత ఇదే శక్తి మొదటి స్టూడియో ఆల్బమ్. అంటే 46 ఏళ్ళు. శ్రీనివాస్ ఆ బృందంతో ఉన్న పదిహేనేళ్ళూ ఈ 46 ఏళ్ళ ఖాళీలోనే వచ్చి, ఈ ఖాళీలోనే పోయాయి. 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ బహుమతి వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 15న జాకిర్ హుస్సేన్ కూడా వెళ్ళిపోయాడు.

ఆ ఆల్బమ్‌లో ‘గిరిరాజ్ సుధ’ అని ఒక పాట ఉంది. పేరు చూసి కంగారు పడకండి. అది మన త్యాగరాజ స్వామి బంగాళ రాగ కృతి, వినాయకుడి మీద. గిరిరాజు సుత, అంటే కూతురు పార్వతి, ఆమె తనయుడు. ఇంగ్లీషు అక్షరాల్లో పడి సుత కాస్తా సుధ అయింది, కూతురు అమృతమైంది. శ్రీనివాస్ ఉన్న రోజుల్లో బొంబాయి కచేరీలో వాయించిందే ఇది. 2001 ఆల్బమ్‌లో మాండలిన్‌తో ఉంటుంది, 2023 ఆల్బమ్‌లో మాండలిన్ లేకుండా ఉంటుంది. రెండూ ఒకదాని వెంట ఒకటి వినండి. రెండోదే శుభ్రంగా ఉంటుంది, గొంతు ఒక్కొక్క అక్షరం తెలుస్తుంది. మొదటిదే నాకు ఎక్కువ కావాలి.

ఆల్బమ్ మొట్టమొదటి పాట పేరు ‘శ్రీనీస్ డ్రీమ్’. శ్రీని కల. 1995 నాటి ఆ ‘డ్రీమ్’ గుర్తొచ్చింది నాకు.

పండగ నాడు మామకు చివరగా అదే పెట్టాను. ఎవరిదో, ఏమిటో చెప్పలేదు. పాలకొల్లు మాండలిన్ పిల్లాడి బృందం అని మాత్రం అన్నాను. మామకు శ్రీనివాస్ బాగా తెలుసు. రేడియోలో ఆయన కచేరీ వస్తుంటే, పెండ్లికి టైమవుతున్నా బ్యాండు సెట్టు మొత్తాన్ని టీకొట్టు దగ్గర ఆపేసిన చరిత్ర ఉంది. ఈసారి కర్ర ముట్టుకోలేదు. ముందుకు వంగి, చెవి ఫోనుకు దగ్గరగా పెట్టి విన్నాడు. గిటారు వచ్చింది, వయొలిన్ వచ్చింది, తబలా, గొంతు వచ్చాయి. మామ తల ఊపుతున్నాడు గానీ కళ్ళు దేనికోసమో ఎదురు చూస్తున్నట్టు ఉన్నాయి. పాట అయిపోవచ్చింది.

"బాగుండాది. ఇంతకూ మాండలిన్ యెప్పుడొస్తాది?"

"దీంట్లో మాండలిన్ లేదు మామా."

"అదేంది? ఆయప్ప పేరు జెప్పినావే?"

"ఆయన పోయినాక చేసింది మామా ఇది. పాటకు ఆయన పేరు పెట్టినారు."

మామ ఫోను వైపు చూశాడు. కాసేపు వీధిలోకి చూశాడు. ఎవరో ట్రాక్టరులో పాట పెట్టుకుని పోతున్నారు, అది దూరమయ్యేదాకా ఆగాడు.

"మొదట్నుంచి పెట్టు" అన్నాడు.

పెట్టాను. ఈసారి వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. కొంచెంసేపటికి వేళ్ళు మోకాళ్ళ మీద కదలడం మొదలుపెట్టాయి. పాటలో వస్తున్న వరస కాదది. ఏం వాయిస్తున్నాడో కనిపెడదామని ఆ వేళ్ళ వంకే చూశాను. అందలేదు.